ఏడో నంబరు కుప్ప తేమ

మానవజాతి చరిత్రలో కరెంటు పొదుపు చేయడానికి ఖర్చయినంత కరెంటు మరి దేనికీ ఖర్చు కాలేదు. ఇది ఒక్క కామారెడ్డి జిల్లా గొప్పతనమే అనలేం. కానీ జిల్లా తన వంతు తాను చేసిందని మాత్రం ఒప్పుకోవాలి.

ఆ వంతులో కొంత పాపం ఎల్లారెడ్డి అస్మాది. అస్మా ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగు చదివింది. చదివినదంతా పెళ్లయ్యాక పదకొండేళ్లుగా మిక్సీలు, టీవీ రిమోట్లు, వీధి వీధంతా తెచ్చిపడేసే ఫోను చార్జర్లు బాగుచేయడానికి వాడింది. (ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా అని వీధి అభిప్రాయం. ఖాళీగా ఉన్న మనిషికి ఎన్ని పనులుంటాయో ఖాళీగా ఉన్నవాళ్లకే తెలుసు.) ఆ ఖాళీలోనే, ఒక పక్క పప్పు ఉడుకుతుండగా, ఆమె ఒక పుల్లను తయారుచేసింది.

పుల్ల అంటే జానెడు గొట్టం. వడ్లకుప్పలో గుచ్చితే గింజల సందుల్లో గాలి ఎంత తేమగా ఉందో పట్టి, దాన్నిబట్టి గింజలో తేమ లెక్కకట్టి, తీగ లేకుండా కబురు పంపుతుంది. వడ్లు అమ్ముకునే ఇంట్లో పుట్టిన పిల్లలకు ఎక్కాల కంటే ముందు వచ్చే లెక్క ఒకటుంది: తేమ పదిహేడు శాతం లోపు ఉంటేనే కొనుగోలు కేంద్రంలో టోకెన్ వస్తుంది, టోకెన్ వస్తేనే కాంటా మీద తూకం అవుతుంది, కాంటా అయితేనే మబ్బు పట్టినప్పుడు రైతు ఆకాశం కేసి మామూలు మనిషిలా చూడగలుగుతాడు. పదిహేడు దాటిందా, మళ్లీ ఆరబోయడమే.

అయితే ఆ పుల్ల గొప్పతనం కొలవడంలో లేదు, నోరు మూసుకోవడంలో ఉంది. దానికి తిండి రెండు పెన్సిల్ సెల్లులు. కొలవడానికి చీమ తినేంత కరెంటు చాలునని, కొలిచింది నలుగురికి చెప్పడానికి మాత్రం ఎద్దు తినేంత కావాలని అస్మా లెక్కలు వేసి కనిపెట్టింది. (ఇది పరికరాలకు మాత్రమే వర్తించే సూత్రమని ఆమె అనుకుంది. అప్పటికి ఆమె ఏ మీటింగుకూ వెళ్లలేదు.) అందుకని పుల్ల అరగంటకొకసారి కళ్లు తెరుస్తుంది. కొలుస్తుంది. ఇందాకటి లెక్కే ఉంటే ఎవరితోనూ ఏమీ అనకుండా మళ్లీ పడుకుంటుంది. మారితేనే చెబుతుంది. దీపం లేదు, చప్పుడు లేదు. అలా రెండు సెల్లులతో రెండేళ్లు బతుకుతుంది.

మొదటి పరీక్ష వంటింట్లో బియ్యం డబ్బాలో జరిగింది. అత్త నూరున్నీసా మూత తీసి చూసి నిలబడిపోయింది.

"ఏమాయె బియ్యానికి? జెరమొచ్చిందా? నోట్లె థర్మామీటర్ పెట్టినవ్?"

"తేమ చూస్తది అమ్మీ."

"తేమకేముంది, వేలు పెట్టి చూస్తం. నా వేలికి సెల్లులు అక్కర్లే."

"వేలు డబ్బాల పెట్టి మీరు బజారుకు పోగలరా?"

నూరున్నీసా తన ఆశీస్సులు అందజేసింది. అంటే, గోధుమల డబ్బాకు ఇంకొకటి అడిగింది.

*

కామారెడ్డిలో ధాన్య తేమ ఆధునిక పరిశీలన విభాగం అని ఒకటుంది. (ఉందని తెలియనివాళ్లలో దాని పక్కగదివాళ్లు కూడా ఉన్నారు.) దానికి అధిపతి చక్రధర్, జిల్లా తేమ సమన్వయాధికారి. అస్మా తన పుల్లను పట్టుకుని వెళ్లిన రోజు ఆయన ఇంధన పొదుపు వారోత్సవాల సభలో ఉన్నారు. నాలుగు ఏసీలు, మిట్టమధ్యాహ్నం మూసిన తెరలు, తెరలు మూసినందుకు వెలిగించిన ఇరవై దీపాలు. పుల్లను ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"లైటేదమ్మా?"

"తీసేసిన సార్. లైటే సగం సెల్లు తింటది."

"మరి ఇది కరెంటు పొదుపు చేస్తున్నట్టు చూసేటోళ్లకు ఎట్ల తెలుస్తది?"

ఇంజినీరింగులో నాలుగేళ్లూ ఈ ప్రశ్న అస్మాను ఎవరూ అడగలేదు. పొదుపు కనపడేలా ఆకుపచ్చ దీపం నిరంతరం వెలగవలెనని చక్రధర్ రాసుకున్నారు.

"అరగంటకోసారి అంటున్నవ్. నడుమ ఏమన్న అయితే?"

"వడ్లు సార్. మేకలు కావు. ఉన్నకాడనే ఉంటయి."

ఐదు నిమిషాలకొకసారి అని రాసుకున్నారు.

"ఏం మారకపోతే చెప్పదంటున్నవ్. మరి ఏం మారలేదన్న సంగతి మాకెట్ల తెలుస్తది?"

"చెప్పలేదంటేనే మారలేదన్నట్టు కదా సార్."

చక్రధర్ పెన్ను కింద పెట్టారు. కోపంతో కాదు, జాలితో. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన చాలామంది తెలివైనవాళ్లను చూశారు. అందరూ ఇక్కడే తప్పారు.

"చూడమ్మా. ఏమీ లేదు అన్నది కూడా ఒక నివేదికే. నిల్ రిపోర్టు రాకుంటే ఫైలు కదలదు. మార్పు లేకున్నా లేదని చెప్పాలె. మూడు ప్రతులు. మండలానికొకటి, డివిజనుకొకటి, నాకొకటి."

"మూడూ ఒక్క కంప్యూటర్లకే పోతయి కదా సార్?"

"కంప్యూటర్ ఒక్కటే. కుర్చీలు మూడు."

ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చుని అస్మా వేళ్ల మీద లెక్క చూసుకుంది. దీపం, ఐదు నిమిషాలు, మూడు ప్రతులు. రెండేళ్ల ఆయుష్షు పన్నెండు రోజులకు వచ్చింది. వద్దని చెప్పి పుల్లను మళ్లీ బియ్యం డబ్బాలో పెట్టుకోవచ్చు. కానీ యాసంగి వడ్లు కోతకొచ్చాయి, కనీసం పన్నెండు కుప్పలకు పెట్టి చూద్దామని చక్రధర్ అన్నారు. పన్నెండు రోజులైతే పన్నెండు రోజులు, కుప్ప ఆరడానికి అంతకంటే పట్టదు కదా అనుకుంది. (నిపుణులు రాజీపడే పద్ధతి ఇదే. పెద్దగా చప్పుడు కూడా రాదు.)

తర్వాత ఉత్తర్వులు వరసగా వచ్చాయి. ఒకటో ఉత్తర్వు ప్రకారం పుల్ల పేరు "స్వల్ప విద్యుత్ వినియోగ తీగరహిత తేమ గ్రాహక యంత్రము". రెండో ఉత్తర్వు ప్రకారం, ఎంత కరెంటు పొదుపైందో లెక్కకట్టడానికి ప్రతి కేంద్రంలో గోడకు ఒక పెద్ద పెట్టె బిగించి, ఇరవైనాలుగు గంటలూ స్విచ్చి వేసి ఉంచాలి. మూడో ఉత్తర్వు: ఇవి సున్నితమైన యంత్రాలు గనుక చల్లని ప్రదేశంలో ఉంచవలెను, ఇందుకుగాను కేంద్రానికి ఒక కూలర్ మంజూరు చేయడమైనది. నాలుగోది: కొత్త యంత్రం ఉండగా పాత చేతిమిషన్‌తో తేమ చూడడం కొత్తదాని మీద అపనమ్మకం ప్రకటించడమే అవుతుంది గనుక, పాతవాటిని సంచుల్లో కట్టి సీలు వేయవలెను.

అలా రెండు సెల్లులతో మొదలైన పొదుపు ఒక గోడపెట్టె, ఒక కూలర్ స్థాయికి ఎదిగింది.

*

పదకొండో రోజు పొద్దున్నే సాలవ్వ వచ్చింది.

సాలవ్వది ఎల్లారెడ్డి, లింగంపేట నడుమ రోడ్డు మీది ఊరు. (ఊరి పేరు రాస్తే ఫైలు కదులుతుంది, కదలడం ఫైలు ఆరోగ్యానికి మంచిది కాదు.) ఎకరంన్నర సొంత పొలం, ఆదివారం ప్రార్థన, మిగతా ఆరు రోజులు ఎండ. హైదర్ ఆటోలో ఎనిమిదో మనిషిగా కూర్చుని వచ్చి, గడపలో నిలబడి, కొంగుముడి విప్పి పిడికెడు వడ్లు అస్మా చేతిలో పోసింది.

"కొరుకు బిడ్డా."

అస్మా కొరికింది. పటుక్కుమంది.

నూరున్నీసా కూడా వచ్చి ఒక గింజ నోట్లో వేసుకుంది. పటుక్కుమంది. "పదమూడు," అని ప్రకటించి, పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లిపోయింది.

"మరి నీ పుల్ల ఇరవై రెండంటుంది," అంది సాలవ్వ. "పదకొండు దినాల సంది ఆరబోస్తున్న. పొద్దుగాల పరుస్తున్న, పొద్దుమూకంగ కుప్పజేస్తున్న. నడుమ కాళ్లతోని తిరగేస్తున్న. నేనే ఎండి వరుగునైన గని నా వడ్లు ఎండలేదట. ఏడో నంబరు కుప్ప, ఇరవై రెండు. కంప్యూటర్ల గదే ఉన్నది. టోకెన్ రాదట."

"అట్ల ఎట్లుంటది అవ్వా?"

"నన్నడుగుతవేంది? నీ పుల్లనడుగు. సందేళకు వానంట. చెప్పిండ్రు. నాకు చెప్పేదేంది, గాలే చెప్తుంది. ఒక్కసారి నానితే మొలకలొస్తయి. మొలకలొచ్చిన వడ్లను కోళ్లు గూడ మొకం జూడయి."

అస్మా చున్నీ సర్దుకుని, చెప్పులు వేసుకుంది. పప్పు సంగతి అత్తకు అప్పగించింది. పన్నెండు పుల్లలూ ఆమె ఒక్కొక్కటి తన చేత్తో చేసింది. ఏడోదానికి మూత సరిగ్గా కూర్చోకపోతే మైనం పెట్టి మరీ మూసింది. అది అబద్ధం చెబుతుందంటే, పిల్లవాడి మీద బడినుంచి ఫిర్యాదు వచ్చినట్టుగా ఉంది.

*

కొనుగోలు కేంద్రం ముందు కల్లంలో కుప్పలన్నీ బంగారంలా మెరుస్తున్నాయి. ఏడో నంబరు కుప్ప దగ్గర ఒక అట్టముక్క మీద ఏడు అని రాసి ఉంది. పుల్ల లేదు. ఎనిమిది దగ్గరా లేదు. ఎక్కడా లేదు.

కేంద్రం బాధ్యుడు భూపాల్ లోపల గదిలో ఉన్నాడు. బయట నలభై రెండు డిగ్రీలు. లోపల కూలర్ తడిగడ్డి వాసనతో, వానాకాలం చవితినాటి గాలిలాంటి గాలిని విసురుతోంది. గదిలో మూలన ఉన్న ఇనుప బీరువా మీద చెమటలా తేమ పట్టి ఉంది.

"పుల్లలేవి సార్?"

"పదిలంగ ఉన్నయమ్మా." భూపాల్ మొలతాడుకున్న తాళంచెవి తీసి, బీరువా తలుపు జానెడు తెరిచి, గర్వంగా పక్కకు జరిగాడు.

లోపల ఆకుపచ్చ దీపాలు పన్నెండు, పండగలా వెలుగుతున్నాయి. పై అరలో ఆరు, కింది అరలో ఆరు. ఉతికిన తువ్వాల పరిచి, ఒక్కో పుల్లకు దారం కట్టి, దారానికి చీటీ కట్టి, చీటీ మీద రైతు పేరు. పురుగు పట్టకుండా మధ్యమధ్యలో నాఫ్తలీన్ ఉండలు. పాలు తాగే పిల్లలను కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ పడుకోబెట్టరు.

"సార్, ఇవి కుప్పలల్ల గుచ్చాలె!"

"గుచ్చితే పోతయి."

"పోవు సార్."

"పోతే?"

ఆఫీసుల్లో "పోతే?" అన్న ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. పన్నెండు యంత్రాలకు భూపాల్ సంతకం పెట్టి తీసుకున్నాడు. ఆయన గత సీజన్‌లో వచ్చిన గుండుసూదులు కూడా లెక్కపెట్టి దాచిన మనిషి. సర్కారు సొమ్మును కోళ్లూ మేకలూ హమాలీలూ తిరిగేచోట వడ్లలో పూడ్చి రమ్మంటే ఆయన చేతులెలా వస్తాయి?

"ఇవి బీరువాల తేమ కొలుస్తున్నయి సార్. కూలర్ గాలి తేమ!"

"కొలుస్తున్నయా, లేదా?"

"కొలుస్తున్నయి."

"టైముకు పంపుతున్నయా, లేదా?"

"పంపుతున్నయి, గని..."

"మరి నాతోని అయిన తప్పేందమ్మా?"

అస్మా చక్రధర్‌కు ఫోన్ చేసింది. యంత్రాలు బీరువాలో ఉన్నాయని చెప్పింది.

"భేష్," అన్నారు ఆయన. "వేరే కేంద్రాలల్ల ఇంత జాగ్రత్త లేదు."

"బయటికి తీసి కుప్పలల్ల పెట్టాలె సార్."

"పెట్టొచ్చు. తరలింపు అనుమతికి రాయమను. పదిహేను పనిదినాలు."

"సందేళకు వానంట సార్."

"వాన వేరే విభాగమమ్మా," అని చక్రధర్ చాలా మర్యాదగా ఫోన్ పెట్టేశారు.

భూపాల్ బీరువాకు తాళం వేశాడు. కూలర్ తన పని తాను చేసుకుంటోంది. అస్మా గోడకానుకుని నిలబడింది. వడ్లను లోపలికి తెచ్చి పుల్లల దగ్గర పోద్దామా అంటే, సర్కారు బీరువాలో రైతు సరుకు పెట్టరాదు. చేతిమిషన్‌తో చూద్దామా అంటే, దాని సంచి మూతికి లక్కముద్ర. చదివిన చదువులో ఒక్క ముక్క కూడా పనికొచ్చేలా కనిపించలేదు.

ఇంతసేపూ నేలమీద కూర్చుని అందరి మాటలూ విన్న సాలవ్వ నెమ్మదిగా అడిగింది.

"అయితే బిడ్డా, పదిహేడు లోపట రావల్సింది నా వడ్లు కాదు. గీ బీరువ. అంతేనా?"

"అంతే అవ్వా."

"గంతదానికి గింత లొల్లెందుకు? వడ్లనెండబెట్టినదాన్ని, బీరువను ఎండబెట్టలేనా?"

అస్మా సాలవ్వను చూసింది. నాలుగేళ్ల ఇంజినీరింగు ఒక్క క్షణం సిగ్గుపడి, మరుక్షణం పనిలో దిగింది.

"భూపాల్ సార్, బీరువా ఏ విభాగంది?"

"పంచాయతీది. మాకు అరువిచ్చిండ్రు."

"దాన్ని జరపాలంటే అనుమతి కావాల్నా?"

భూపాల్ నాలుగు ఉత్తర్వులూ తిరగేశాడు. యంత్రాల గురించి ఉంది, కూలర్ గురించి ఉంది, గోడపెట్టె గురించి ఉంది. బీరువా గురించి ఎక్కడా లేదు. కానీ మూడో ఉత్తర్వు మీద ఆయన వేలు ఆగింది. "చల్లని ప్రదేశంల ఉంచాలె, అని ఉన్నదమ్మా. ఎండల పెడితే ఎట్ల?"

సరిగ్గా అప్పుడే కూలర్ ఆగిపోయింది.

"అయ్యో, కరెంటు పోయింది సారూ," అంది సాలవ్వ. ఆమె గోడవారగా నిలబడి ఉంది. ప్లగ్గు ఆమె కొంగు కింద ఉంది. (గోడపెట్టెకు మాత్రం ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు గనుక, ఆ రోజూ చూడలేదు.)

రేకుల గది. కూలర్ లేని రేకుల గది ఏమవుతుందో ఆ జిల్లాలో వేసవి గడిపినవాళ్లకు చెప్పనక్కరలేదు. పది నిమిషాల్లో భూపాల్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"సార్," అంది అస్మా, తన కొడుకుకు కాకరకాయ తినిపించేటప్పటి గొంతుతో, "ఇప్పుడు గది కంటే బయటే సల్లగున్నది. గాలన్నా ఆడుతది. రూలు ప్రకారం యంత్రాలను సల్లని కాడికి తీస్కపోవాలె. లేకపోతే రేపు మీ మీదికే వస్తది."

భూపాల్‌కు గాలి కంటే ముందు చివరి వాక్యం తగిలింది.

హమాలీ మేస్త్రీ రాజలింగు నలుగురితో వచ్చాడు. బీరువా చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ఎన్ని కింటాళ్లుంటది?"

"సర్కారుది రాజలింగూ. బరువు అడగరాదు," అంది సాలవ్వ.

మోసుకొచ్చి కల్లం నడుమ నిలబెట్టారు. సాలవ్వ ముందే చీపురుతో ఊడ్చి చోటు చేసింది. బీరువా ఎండలో నిలబడి, పరాయి ఊరికొచ్చిన పెద్దమనిషిలా ఏం చేయాలో తోచనట్టు చూసింది.

*

వార్త కల్లమంతా పాకింది. మిగతా పదకొండు కుప్పలవాళ్లూ వచ్చారు. విషయం అర్థం కావడానికి వాళ్లకు కామారెడ్డి వాళ్ల కంటే తక్కువ సమయం పట్టింది. ఐదు నిమిషాల్లో కొట్లాట కూడా మొదలైంది.

"నాది పై అరలనా, కింది అరలనా?"

"కింది అర."

"గట్లయితే నాది ఎప్పుడారాలె? పై అరకేమో ఎండంత తగులుతుంది. పండబెట్టుండ్రి దాన్ని!"

"పండబెడితే మాది కిందికి పోదా?"

"గంటకోసారి తిరగేద్దాం," అని రాజేశం అనే రైతు తీర్పు చెప్పాడు. ముప్పై ఏళ్లుగా మక్కలు, వడ్లు ఎండబెట్టిన మనిషి. ఎండబెట్టే విద్యలో ఆయన మాటకు ఎదురులేదు.

గంటకొకసారి తిరగేశారు. సాలవ్వ మధ్యమధ్య వెళ్లి బీరువా వీపు మీద అరచేయి ఆనించి, తల ఊపి, మళ్లీ వచ్చి కూర్చునేది. ఒకసారి అలవాటుకొద్దీ కాలితో దాని చుట్టూ చాళ్లు కూడా తీయబోయింది. అస్మా ఫోనులో అంకెలు చదువుతుంటే, ఓట్ల లెక్కింపు నాడు ఫలితాలు విన్నట్టు నలభైమంది విన్నారు.

"ఇరవై ఒకటి."

"ఇరవై."

"పంతొమ్మిదిన్నర."

"తిప్పుండ్రి, తూర్పుకు తిప్పుండ్రి!"

రెండున్నరకు పద్దెనిమిది. దక్షిణాన మబ్బు లేచింది. మొదట పిడికెడే.

మూడింటికి పదిహేడు పాయింట్ మూడు. అక్కడ ఆగింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. అంకె కదలలేదు. అస్మా ఫోను మీదికి వంగింది. తేమ ఆగలేదు, కబురు ఆగింది. ఏడో పుల్ల సెల్లులు కొనప్రాణంతో ఉన్నాయి.

"ఏమాయె బిడ్డా?"

"గొంతు పోయిందవ్వా. ఇనుపపెట్టెల నుంచి మాట బయటికి రాదు. వినపడలేదనుకుని మళ్లీ చెప్తది. ఇంకా గట్టిగ చెప్తది. అదీ మూడుమూడుసార్లు. పదకొండు దినాల సంది లోపట ఒర్రుతనే ఉన్నది పాపం. తలుపు తీస్తే మెల్లగ చెప్పినా చాలు, ఒక్కసారన్నా చెప్పి పోతది."

"తలుపు తియ్యి సారూ!"

"ఇప్పటికిప్పుడు ఎట్ల తీస్తనమ్మా? గదిల అంటే సరే. బహిరంగ ప్రదేశంల తియ్యాలంటే సాక్షులు కావాలె. ఇద్దరు."

"గింతమంది లేమా?"

"మీరు సాక్షులు కారు," అన్నాడు భూపాల్, నొచ్చుకుంటూనే. "మీరు లబ్ధిదారులు."

మబ్బు ఇప్పుడు పొలాల మీదికి వచ్చేసింది. గాలికి కుప్పల పక్కన మడిచి ఉంచిన టార్పాలిన్ పర్దాల అంచులు లేస్తున్నాయి. హైదర్ తన ఆటోలో కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నాడు. సాలవ్వ వెళ్లి అతణ్ణి చెయ్యిపట్టి లేపుకొచ్చింది. రెండో సాక్షి రాజలింగు. ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు, వయసు రాసుకుని, "నేను చూస్తుండగా" అని మొదలయ్యే వాక్యం కింద సంతకాలు తీసుకుని, భూపాల్ తాళం తిప్పాడు.

తలుపు తెరుచుకోగానే నాఫ్తలీన్ వాసనతో వేడిగాలి మొహాన కొట్టింది. అస్మా ఫోను ఒక్కసారి గుర్రుమంది.

"పదహారు పాయింట్ తొమ్మిది," అంది.

ఆ అంకె చెప్పి ఏడో పుల్ల ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. భూపాల్ కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాడు. (సాలవ్వ ప్లగ్గు పెట్టేసింది, కరెంటు వచ్చిందని అందరూ సంతోషించారు.) సాలవ్వ పేర టోకెన్ వచ్చింది. కాంటా మొదలైంది. తర్వాత ఒకటి, రెండు, నాలుగు, ఐదు... తలుపు తెరిచిన బీరువాలోంచి శుభవార్తలు వరసగా వచ్చాయి. హమాలీలు ఆ రోజు మోసినట్టు ఎన్నడూ మోయలేదు. సాలవ్వ చివరి బస్తా లారీలోకి ఎక్కి, లారీ మీద పర్దా కట్టేసరికి, మొదటి చినుకు భూపాల్ ఉత్తర్వుల మీద పడింది.

తొమ్మిది కుప్పలు గట్టెక్కాయి. మిగతా మూడింటి పుల్లలు బీరువా ఎండేలోపే ప్రాణం విడిచాయి. వాటి ఎదుట కంప్యూటర్ "నిల్" అని రాసుకుంది, మూడు ప్రతుల్లో. ఆ మూడు కుప్పల మీద ఉన్న పర్దాలు చాలకపోతే సాలవ్వ తన పర్దా ఇచ్చి, తాను తడుస్తూనే నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. ఒక్కో కుప్పకు ఒక్క పర్దా వచ్చింది. బీరువాకు రెండు కప్పారు.

తిరుగు ఆటోలో అస్మా చున్నీ పిండుకుంటూ కూర్చుంది. మూడు కుప్పలు ఆమె కళ్లలోంచి పోలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే నూరున్నీసా అడిగింది: "ఆ ముసలామె వడ్లు పదమూడేనా?"

"పదహారు పాయింట్ తొమ్మిది అమ్మీ."

"మిషన్లను ఎప్పటికీ నమ్మొద్దు," అంది అత్త.

*

వారం తర్వాత కామారెడ్డి నుంచి అస్మాకు ఒకే కవరులో రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది అభినందన: ఒకే రోజున తొమ్మిది కుప్పల తేమ ఒకే తీరున తగ్గడం శాఖ చరిత్రలో ఎన్నడూ లేదని, ఇది సాంకేతికత విజయమని. రెండోది సంజాయిషీ: రెండేళ్లు రావలసిన సెల్లులు పదకొండు రోజులకే అయిపోవడానికి కారణాలు తెలుపవలెనని. అస్మా పప్పు కింద మంట తగ్గించి, తెల్లకాగితం మీద "నిల్" అని రాసి, మూడు ప్రతులు తీసి పంపింది. జవాబు సంతృప్తికరంగా ఉందని తిరుగుటపాలో వచ్చింది.

తరువాతి సీజన్‌కు ఐదో ఉత్తర్వు వెలువడింది. ప్రతి కొనుగోలు కేంద్రానికీ ఒక ఇనుప బీరువా మంజూరైంది. దాన్ని రోజూ ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు కల్లం నడుమ ఎండబెట్టవలెను, గంటకొకసారి తిరగవేయవలెను, ఆ వేళల్లో బీరువాకు నీడ తగిలేలా ఎవరూ ధాన్యం కుప్ప పోయరాదు. రైతులు తమ ధాన్యాన్ని, ట్రాఫిక్‌కు అంతరాయం కలగకుండా, రోడ్డు మీద ఆరబోసుకోవచ్చును.

సాలవ్వ కొత్త వడ్లతో వచ్చి, భూపాల్ చదివి వినిపిస్తే అంతా విని, ఒక అర్జీ రాయించింది: బీరువా ఎండినంక, పొద్దుమూకే లోపట, కల్లంలో ఒక మూల తన వడ్లు కూడా పోసుకోనియ్యాలని. భూపాల్ అర్జీని రెండు చేతులా తీసుకుని, ముద్ర వేసి, పోకుండా బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ప్రస్తుతం అర్జీ తేమ పదమూడు శాతం. కొనుగోలుకు అన్నివిధాలా అర్హం.